మోకాలి లోతు నీళ్ళు – పదకొండో భాగం

పోయిన వారం పెర్సిస్‌ని మొగలిలంక చర్చి వరండాలో, ఊరి వాళ్ళ చూపుల మధ్య నిలబెట్టి ఆగాం. గోడకి కట్టిన తెల్లదుప్పటి మీద కంపెనీ వాళ్ళ మ్యాప్ పడింది. ఊరికి తూర్పున ఆడవాళ్ళు ఏడాదిలో ఏడు నెలలు చేపలు పట్టుకునే నీళ్ళు ఆ మ్యాప్‌లో లేవు. అక్కడంతా తెల్లగా ఖాళీ నేల ఉంది. ఆ నేలలో చేపల పార్కు కడతామని, అభ్యంతరాలుంటే సోమవారం ఏలూరులో జరిగే విచారణలో చెప్పుకోవచ్చని చెప్పి కంపెనీ వాళ్ళు ప్రొజెక్టర్ సర్దుకుని వెళ్ళిపోయారు. మ్యాప్ కింద మూలన ‘తయారీ: పెర్సిస్, దుర్గాసాయి’ అని ఉంది. ఊళ్ళో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆ రాత్రంతా ఆమె అనుకుంటూనే ఉంది.

శనివారం పొద్దున్నే పెర్సిస్ ఏలూరు బయల్దేరింది. ఆటో దగ్గరికి వచ్చేసరికి వాళ్ళమ్మ దేవకుమారి అందులో ముందే కూర్చుని ఉంది, ఉతికిన చీర కట్టుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని.

“నువ్వెక్కడికమ్మా?”

“నీతోనే.”

“అక్కడ నీకేం అర్థమవుతుంది? అంతా కంప్యూటర్ గొడవ.”

“పోయింది కంప్యూటరా, నీళ్ళా? నీళ్ళయితే నాకర్థమవుద్దిలే. ఎక్కు.”

పెదపాడులో బస్సు ఎక్కి ఏలూరు చేరేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. దేవకుమారి కిటికీలోంచి చూస్తూ రెండుసార్లు ఏదో చెప్పబోయి మానేసింది. పెర్సిస్ అది గమనించింది కానీ అడగలేదు. ఆమె మనసంతా ఆఫీసులో ఉన్న కోడ్ మీద ఉంది.

ఆఫీసంటే పవర్‌పేటలో మందుల షాపు పైన ఒక గది. రెండు బల్లలు, ఒక ఫ్యాను, ఎప్పుడూ వినిపిస్తూ ఉండే ఇన్వర్టర్ చప్పుడు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివినప్పటి నేస్తాలు పెర్సిస్, దుర్గాసాయి మూడేళ్ళ కిందట పెట్టుకున్నది. అంకెల్ని బొమ్మలుగా మార్చడం వాళ్ళ పని. పట్టికలో పడున్నంతసేపూ ఎవరూ పట్టించుకోని అంకెలు, రంగులు పూసుకుని తెర మీద కదిలితే అందరూ ఆగి చూస్తారు. పెర్సిస్ కోడ్ రాస్తుంది. సాయి రంగులూ అక్షరాలూ చూస్తాడు. ఒకరు చేసింది రెండోవాళ్ళు చదవకుండా ఏదీ బయటికి పంపకూడదని మొదటి రోజే అనుకున్నారు. ఆ మాటను సాయే పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాడు. ఈ పొద్దు ఆ కాగితాన్ని చూస్తే పెర్సిస్‌కి ఒళ్ళు మండింది.

తల్లిని సాయి కుర్చీలో కూర్చోబెట్టి, తన కంప్యూటర్‌లో మ్యాప్ తెరిచింది.

ఈ మ్యాప్ ఎలా పుట్టిందో రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. కొల్లేట్లో లోతెంత అని అడిగితే ఎవరూ అంకె చెప్పరు. ఒంటి మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. పిక్క దాకా, మోకాలి దాకా, మొల దాకా, పీక దాకా. అడిగేవాళ్ళకి అది చాలు. కంప్యూటర్‌కి చాలదు. అందుకని పెర్సిస్ టేపు పట్టుకుని ఊరంతా తిరిగి, లోతు చెప్పిన ప్రతి మనిషి మోకాలూ నడుమూ కొలిచింది. అబ్బులు తాత మోకాలు యాభై రెండు సెంటీమీటర్లు. “నాకేమన్నా సూటు కుడతన్నావేంటే పిల్లా?” అని ఆయన నవ్వాడు. దేవకుమారి మోకాలు నలభై ఆరు. అలా నాలుగొందల పన్నెండు చోట్ల లోతులు, ఒక్కో నెలకీ ఒక్కో లెక్క. తెర మీద నెలల మీట జరిపితే నీలం రంగు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఏ చోటునైనా వేలితో తాకితే, అక్కడి లోతు చెప్పిన మనిషి గొంతు వినిపిస్తుంది. ఆ గొంతులు పెట్టాలన్న ఆలోచన సాయిది. అతని మీద పెర్సిస్‌కి ఇష్టం కలిగింది కూడా ఆ ఆలోచన విన్న రోజే. ఆ ఇష్టం సంగతి అతనికి చెప్పలేదు, మనకి మాత్రం నాలుగో భాగం నుంచే తెలుసు.

ఆమె ముందు అంకెలు చూసింది. నాలుగొందల పన్నెండూ ఉన్నాయి. ఒక్కటీ మారలేదు. తూర్పు నీళ్ళలో ఆగస్టు నెలకి నలభై ఆరు, నలభై నాలుగు, యాభై... అన్నీ ఆమె ఎక్కించినవే.

“అంకెలు సరిగ్గానే ఉన్నాయమ్మా” అంది పెర్సిస్. ఆమె గొంతులో ఆశ ఉంది. ఎక్కడో చిన్న పొరపాటు జరిగి ఉంటుంది, కంపెనీ వాళ్ళ కంప్యూటర్‌లో సరిగ్గా తెరుచుకోలేదేమో అనుకుంది.

తర్వాత రంగుల ఫైలు తెరిచింది. ఎంత లోతుకి ఏ రంగు వెయ్యాలో చెప్పే నాలుగు లైన్లు అవి. మొదటి లైను చదివి ఆగిపోయింది. సున్నా నుంచి లేత నీలం మొదలవ్వాలి. అక్కడ సున్నా లేదు. అరవై ఉంది.

అంటే అరవై సెంటీమీటర్ల లోపు నీళ్ళన్నిటికీ తెలుపు. ఊళ్ళో ఎవరి మోకాలూ అరవై లేదు.

“ఏమైందే?”

పెర్సిస్ అరవై చెరిపి సున్నా కొట్టింది. తెర మీద తూర్పు వైపంతా లేత నీలం నిండింది. దేవకుమారి కుర్చీలో ముందుకి జరిగింది. మళ్ళీ అరవై కొట్టింది. నీళ్ళు పోయాయి.

“ఇంకోసారి చెయ్యి.”

చేసింది. నీళ్ళు వచ్చాయి. పోయాయి.

“అంతేనా?” అంది దేవకుమారి. “ఒక్క అంకెకే?”

“అంతేనమ్మా.”

“మా అత్త కాలం నించీ పట్టుకుంటన్నాం అక్కడ. బురదలో చేతులెట్టి తడిమి తడిమి పట్టుకుంటన్నాం. నిన్ను చదివించింది ఆ కొరమీనులే. అదంతా ఆ ఒక్క అంకె కిందకి పోయిందా?”

పెర్సిస్ వేలితో ఆ తెల్లటి చోటును తాకింది. ఎందుకు తాకిందో ఆమెకే తెలియదు. వెంటనే గదిలో దేవకుమారి గొంతు పలికింది, రెండేళ్ళ కిందటి గొంతు, నవ్వుతూ. “ఇక్కడ మోకాలి లోతమ్మా. మట్టగిడసలుంటాయి. అడుగున కొరమీను. పడవ రాదు కాబట్టి మగాళ్ళెవరూ రారు, మాదే రాజ్యం.”

ఖాళీ నేల మాట్లాడుతోంది. దేవకుమారి తన గొంతు తానే విని, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో కోడ్ రాసుకుని ఉంచుకుంటుంది. పెర్సిస్ ఆ చిట్టా తెరవడానికి భయపడింది. తెరిస్తే పేరు కనపడుతుంది. పేరు కనపడ్డాక ఇంకేదో అయ్యుంటుందని అనుకోవడానికి వీలుండదు. రెండు నిమిషాలు అలాగే కూర్చుని, చివరికి తెరిచింది. మూడు వారాల కిందట, గురువారం మధ్యాహ్నం. దుర్గాసాయి. మార్పు గురించి అతను రాసిన వివరం రెండే మాటలు: ‘చిన్న రంగు సవరణ’.

ఆ గురువారం ఆమెకి బాగా గుర్తుంది. ఇదే గదిలో, ఇదే బల్ల ముందు ఉంది. అతను ఆ పక్క బల్ల దగ్గరుండి ఈ మార్పు చేశాడు. చేసి, టీ తాగుదాం పద అన్నాడు. ఇద్దరూ కిందికి దిగి టీ తాగారు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. దుర్గాసాయి లోపలికి వచ్చాడు, చేతిలో ఇడ్లీ పొట్లం. దేవకుమారిని చూసి మొహం వెలిగింది. అది నటన కాదు, అదే ఘోరం.

“ఆంటీ! ఎప్పుడొచ్చారండీ? ముందే చెబితే బస్టాండుకి వచ్చేవాణ్ణి కదా. తినండి, వేడిగా ఉన్నాయి.”

“తిన్నాం బాబూ” అంది దేవకుమారి. తినలేదు.

పెర్సిస్ కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది. అతను చదివాడు. పొట్లం బల్ల మీద పెట్టాడు. చాలాసేపు దాని దారం సరిచేస్తూ నిలబడ్డాడు.

“నేను డేటా ముట్టుకోలేదు పెర్సీ” అన్నాడు చివరికి.

“తెలుసు. చూశాను.”

“ఒక్క అంకె కూడా మార్చలేదు. నువ్వు ఎంత కష్టపడి కొలిచావో నాకు తెలియదా? రంగు ఎక్కణ్ణుంచి మొదలవ్వాలో మాత్రం మార్చాను. అది కూడా కింద రాశాను, ‘అరవై సెంటీమీటర్ల లోపు చూపలేదు’ అని. దాచలేదు.”

“ఎంత పెద్ద అక్షరాల్లో రాశావు?”

అతను మళ్ళీ పొట్లం దారం పట్టుకున్నాడు.

“నిన్న ఆ దుప్పటి మీద పాతికమంది చూశారు సాయీ. ఎవరికీ కనపడలేదు. మ్యాప్ తయారు చేసినదాన్ని, నాకే కనపడలేదు.”

“అక్కడ వేసవిలో నీళ్ళే ఉండవు కదా...”

“అందుకేగా నెలల మీట పెట్టాం! ఏ నెలలో ఉంటాయో, ఏ నెలలో ఉండవో చూసుకోవడానికేగా!”

“వాళ్ళకి కావాల్సింది మీటలున్న మ్యాప్ కాదు. రిపోర్టులో వేసుకోవడానికి ఒక్క బొమ్మ. కదలని బొమ్మ. పడవ తిరిగే నీళ్ళు మాత్రమే చూపించండి అన్నారు. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదా, ఏ మ్యాప్‌లోనైనా గీస్తాం. గొంతులు కూడా తియ్యలేదు నేను. ఇప్పుడు తాకినా వినపడతాయి.”

“కాగితాన్ని తాకితే వినపడతాయా?”

దుర్గాసాయి కుర్చీ కోసం చూశాడు. అతని కుర్చీలో దేవకుమారి ఉంది. ఆమె లేవబోతే వద్దని సైగ చేసి, నిలబడే ఉన్నాడు. వాళ్ళ నాన్న ఈశ్వరప్రసాద్‌కి ఆకివీడులో చేపల చెరువులున్నాయి. కంపెనీ వాళ్ళని ఈ గదికి తీసుకొచ్చింది ఆయనే. ఆ రోజు ఆయన పెర్సిస్‌తో “అమ్మాయ్, నీ పని బాగుందమ్మా” అని మెచ్చుకుని మరీ వెళ్ళాడు. ఆ మెప్పుకి తను మురిసిపోవడం గుర్తొచ్చి ఆమెకి సిగ్గేసింది.

“నాన్న మాట కాదనలేకపోయాను” అన్నాడు సాయి. “ఇదొక్కటి అయితే మనకి జిల్లా అంతా పని వస్తుందనుకున్నాను. నీకూ మంచిదే అనుకున్నాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఒప్పుకునేదానివా?”

పెర్సిస్‌కి ఆ మాటతో అర్థమైంది. ఒప్పుకోనని అతనికి తెలుసు. తెలిసే చెప్పలేదు. తెలిసే టీ తాగుదాం రమ్మన్నాడు. తెలియక చేసుంటే కోపగించుకుని, తిట్టి, రెండు రోజులకి మామూలైపోయేది. మా ఇంట్లో చేపల పులుసుతో అన్నం తిన్న మనిషి, ముల్లు తీసి పెట్టమని మా అమ్మనే అడిగిన మనిషి, మా అమ్మ నీళ్ళు తీసేశాడు. అతని ముందు ఏడవకూడదని పళ్ళు బిగించింది.

“సోమవారం విచారణకి అసలు మ్యాప్ పట్టుకుని వెళ్తాను” అంది. “సున్నా పెట్టిన మ్యాప్. అరవై ఎవరు పెట్టారో కూడా అక్కడే చెబుతాను. నీ పేరు చెబుతాను సాయీ.”

“చెప్పు. కాదనను. కానీ లాభం లేదు.”

“ఎందుకు లేదు?”

అతను తన బల్ల సొరుగు లాగి ఒక జిరాక్సు కాగితం తీశాడు. ఇవ్వాలా వద్దా అన్నట్టు దేవకుమారి వైపు ఒకసారి చూశాడు. “మ్యాప్ ఒక్కటే ఇస్తే చాలదన్నారు. ఆ నీళ్ళ గురించి ఊరి వాళ్ళే రాసిచ్చిన కాగితం కావాలన్నారు. అది కూడా రిపోర్టులో ఉంది.”

పెర్సిస్ ఆ కాగితం లాక్కుంది. నాలుగు వాక్యాలు. తూర్పు హద్దుల్లోని నీటిలో పడవ తిరగదని, అక్కడికి వేట పడవ ఏదీ వెళ్ళదని, ఇది తాము ఇష్టపూర్వకంగా చెబుతున్నామని. కింద పదకొండు మంది ఆడవాళ్ళు. పది వేలిముద్రలు. వాటికి పైన, మొదటి వరసలో, ఒక్క సంతకం.

ఆ సంతకం ఎవరిదో చదవక్కర్లేదు. ‘దే’ మీది ఏత్వం పక్కకి వాలిపోయి ‘వ’ని తాకుతుంది, ‘రి’ దగ్గర చోటు చాలక అక్షరం చిన్నదైపోతుంది. ఎనిమిదో తరగతిలో ఉండగా పెర్సిస్ కూర్చోబెట్టి నేర్పిన సంతకం. నెల రోజులు దిద్దించింది. ఇంక మా అమ్మ ఎక్కడా వేలిముద్ర వెయ్యదని బళ్ళో అందరికీ చెప్పుకుంది.

“ఇది ఆ ఆదివారం ఆరాధన అయ్యాక తెచ్చిన కాయితమే కదా బాబూ?” అంది దేవకుమారి. ఆమె కూతురి చేతిలోని కాగితాన్ని తాకలేదు, కుర్చీలోంచే చూసింది.

“అవునాంటీ.”

“పడవ తిరుగుద్దా అనడిగేవు. తిరగదన్నాం. మోకాలి లోతులో పడవెట్టా తిరుగుద్ది? నిజమే చెప్పేం. చేపలు పట్టుకుంటారా అని మాత్రం అడగలేదు నువ్వు.”

“అడగలేదండీ.”

“అడిగితే చెప్పేవాళ్ళం.”

“తెలుసండీ” అన్నాడు అతను, తల ఎత్తకుండా.

పెర్సిస్ కోపం ఇప్పుడు అటూ ఇటూ తిరిగి తల్లి మీద పడింది. అది అన్యాయమని తెలుసు, అయినా ఆపుకోలేకపోయింది. “ఎవరో కాగితం తెస్తే సంతకం పెట్టేస్తావా అమ్మా? చదివించుకోవద్దా? ఫోన్ ఉంది కదా చేతిలో, నన్నొక్క మాట అడగాల్సింది!”

దేవకుమారి ఒళ్ళోని సంచి సర్దుకుంది. బస్సులో రెండుసార్లు చెప్పబోయి మానేసిన మాట ఇదేనని పెర్సిస్‌కి అప్పుడు తట్టింది.

“అడిగేను” అంది తల్లి.

“ఎప్పుడడిగావు?”

“అప్పుడే. కాయితం ముందు పెట్టుకుని. కెజియా వదిన ఒప్పుకోలేదు, పిల్లని అడగందే ముద్ర వెయ్యమంది. నీకు ఫోన్ చేసేను. సాయి బాబు ఏదో కాయితం తెచ్చేడే, నీ మ్యాప్‌కంట, పెట్టమంటావా అనడిగేను. నువ్వు పనిలో ఉన్నావు, టకటకా కొట్టుకుంటన్నావు, నాకు వినపడతానే ఉంది. ‘సాయి తెచ్చాడంటే నేను తెచ్చినట్టేనమ్మా, పెట్టెయ్యండి’ అన్నావు.”

పెర్సిస్‌కి గుర్తొచ్చింది. ఆ ఆదివారం నెలల మీట ఫోన్లలో సరిగ్గా జరగడం లేదని పొద్దుట్నించీ కుస్తీ పడుతోంది. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఏదో అంది. ఏమందో ఆ రోజు తనే వినలేదు. కాగితంలో ఏముందని ఒక్క ప్రశ్న అడగలేదు. ఒకరు చేసింది రెండోవాళ్ళు చదవకుండా పంపకూడదన్న గోడ మీది మాట ఎదురుగానే ఉంది.

“స్పీకర్లో పెట్టేను” అంది దేవకుమారి నెమ్మదిగా. “పది మందీ విన్నారు.”

నిన్న చర్చి వరండాలో తనని ఎవరూ ఒక్క మాట కూడా ఎందుకు అనలేదో పెర్సిస్‌కి ఇప్పుడు అర్థమైంది. వాళ్ళు సాయిని చూడలేదు. కంపెనీని చూడలేదు. ‘పెట్టెయ్యండి’ అన్న గొంతును చూశారు. ‘నాకెందుకు చెప్పలేదు’ అని తను అతన్ని నిలదీసిన ప్రశ్నే ఊరు తన కోసం దాచిపెట్టుకుని ఉంది.

దేవకుమారి సంచిలో ఫోన్ మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకుంది. “చెప్పు వదినా” అని వింటూ ఉండిపోయింది. వినేకొద్దీ ఆమె వీపు నిటారుగా అయింది. “ఉండు” అంది. “ఆ మాటేదో నన్నడగమాకు. పక్కనే ఉంది, దాన్నే అడుగు.”

ఆ రోజు లాగే స్పీకర్ నొక్కి, ఫోన్ కూతురి ముందు బల్ల మీద పెట్టింది.

“పెర్సిస్సూ” అంది కెజియా అత్త గొంతు. వెనకాల చాలామంది మాటలు వినిపిస్తున్నాయి, నీళ్ళలో ఏదో దిగ్గొడుతున్న చప్పుడు కూడా. “తూరుపు నీళ్ళలో కంపెనీ వాళ్ళు ఎర్ర జెండాలు పాతుతున్నారే. సోమారం దాకా ఆగండయ్యా అంటే, మీ ఆడాళ్ళే రాసిచ్చేరంటా కాయితం చూపిస్తన్నారు. అందరం గట్టు మీదే ఉన్నాం. నిన్ను ఒక్కటే అడగమన్నారు. ఆ రోజు పెట్టెయ్యండన్నావు కదమ్మా. తెలిసే అన్నావా, తెలీకన్నావా?”

దుర్గాసాయి తలెత్తి ఆమె వైపు చూశాడు. దేవకుమారి చూడలేదు. ఆమె తెర మీద తెల్లగా ఉన్న తన నీళ్ళనే చూస్తోంది.

“అత్త అడుగుతుంది” అంది. “చెప్పు.”